మూడో రోజున తీసేసిన థైమస్

పుట్టిన మూడో రోజున ఆడ ఎలుకపిల్ల థైమస్ గ్రంథిని తీసేస్తే, పెరిగేకొద్దీ దాని అండాశయాలు నాశనమవుతాయి. అదే పని ఏడో రోజున చేస్తే ఏమీ కాదు! 1969లో జపాన్‌లోని నగోయాలో, ఐచి క్యాన్సర్ సెంటర్‌లో నిషిజుకా, సకకురా గమనించిన వింత ఇది. చదివినప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. రొమ్ము ఎముక వెనకున్న గ్రంథికీ అండాశయానికీ ఏం సంబంధం? హార్మోన్ల లోపమేమోనని మొదట వాళ్లూ అనుకున్నారు. అసలు సంగతి చాలా ఆలస్యంగా తేలింది. థైమస్ నుంచి కాస్త వెనగ్గా బయల్దేరే ఒక రకం టి కణాలు (రోగనిరోధక కణాలు), తోటి టి కణాలు సొంత ఒంటి మీద పడకుండా పట్టి ఉంచుతాయి. నోటి, గొంతు క్యాన్సర్లు దాక్కునేదీ ఈ కణాల చాటునే.

వీటిని మరో దారిన పసిగట్టినవాడు అమెరికాలో, యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ గెర్షన్. 1970ల తొలినాళ్లలో ఆయనా, కొండో అనే సహచరుడూ గొర్రె ఎర్ర రక్తకణాలను ఎక్కించి ఎలుకల్లో రోగనిరోధక స్పందనను చల్లార్చారు. ఆ ఎలుకల టి కణాలను వేరే ఎలుకలకు ఎక్కిస్తే, వాటిలోనూ స్పందన చల్లారింది. ఆ దశాబ్దమంతా ‘సప్రెసర్ టి కణాల’దే హవా. వాటి ఆనవాలు ఐ-జె అనే అణువని 1976లో ప్రకటించారు. దాని వెంటపడ్డ వారిలో తోమియో తదా ఒకరు. 1983లో ఆ జన్యువు ఉండాల్సిన చోట డీఎన్‌ఏను పరిశీలిస్తే, అక్కడ అలాంటిదేమీ లేదు. ఆనవాలు అబద్ధమని తేలగానే కణాలూ అబద్ధమేనన్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. గెర్షన్ అదే ఏడాది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు.

నాకు బాధ కలిగించేది ఆ తర్వాతి నిశ్శబ్దం. కణితి ఉన్న ఎలుక టి కణాలే కణితిపై దాడిని అడ్డుకుంటున్నాయని 1980లోనే బెరెన్ట్, నార్త్ చూపించారు. క్యాన్సర్ వైద్యానికి అంతకన్నా పనికొచ్చే సంగతి ఏముంది? అదీ మూలన పడింది. ఇన్నేళ్లు పోగొట్టుకోవాల్సిన అవసరమే లేదు.

నగోయా వింత వెంట పడి, కియోటోలో చదువు మధ్యలో వదిలి వెళ్లిన కుర్రాడు షిమోన్ సకగుచి మాత్రం పట్టు వీడలేదు. 1995లో సీడీ25 అనే నిఖార్సయిన ఆనవాలు చూపించాడు. 2001లో మేరీ బ్రన్‌కౌ, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఈ కణాలకు కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్నారు. ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది.

ఆ కణాలే తల, మెడ కణితుల్లో గుమిగూడతాయి. సీడీ25తో, దాడి చేసే కణాలకు బలాన్నిచ్చే ఐఎల్-2ను తామే తాగేస్తాయి. సీటీఎల్‌ఏ-4 అనే అణువుతో, దాడికి ఉసిగొల్పే సంకేతాలను ముందే తుంచేస్తాయి. శ్రీకాకుళం వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని తాగేవాళ్ల అంగిట్లో పుట్టే క్యాన్సర్ కూడా ఈ తల, మెడ క్యాన్సర్ల కుటుంబానిదే.

ఈ కణాలన్నిటినీ తుడిచేస్తే సరిపోదా? ఫాక్స్‌పీ3 చెడిన మగ ఎలుకలు సొంత రోగనిరోధక శక్తి ధాటికి నెల తిరిగేసరికే చచ్చిపోతాయి. పైగా 2006లో పారిస్‌లో సెసిల్ బదువల్ బృందం చూసిన తల, మెడ క్యాన్సర్ రోగుల్లో, కణితిలో ఈ కణాలు ఎక్కువున్న వాళ్లకే జబ్బు మెరుగ్గా అదుపులో ఉంది.