మన ఇంటి రౌటర్‌కీ ఓ దఫ్తరం

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే రోడ్డులో భూపరిపాలన కార్యాలయం ఉంది కదా, ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చేవి సేత్వార్లు, పహాణీలు. నిజాం కాలం నాటి భూమి కాగితాలు చాలావరకు ఉర్దూలోనే ఉంటాయి. ఇంకా వెనక్కి వెళితే పారశీకం. 1880లలో సర్కారు పారశీకం వదిలి ఉర్దూకి మారింది. లెక్కలకైతే గుమాస్తాలకి సియాఖ్ అని వేరే అంకెలే ఉండేవి. ఉర్దూ చక్కగా చదివేవాళ్లకి కూడా అవి కొరుకుడు పడవు. కాగితం భద్రంగానే ఉంటుంది, చదివే మనిషే ఉండడు. తాతగారి కాగితం పట్టుకుని తర్జుమా చేసేవాళ్ల కోసం తిరిగిన కుటుంబాలు మనలో ఎన్ని లేవు!

హాల్లో టీవీ వెనక మిణుకుమనే రౌటర్‌దీ ఇప్పుడు అదే కథ.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడు ముందు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులకే ఇచ్చింది. మన ఊరికి ఆ తర్వాతే. ఆ డయలప్ రోజుల్లో రాసుకోవాల్సింది మూడే: ఫోన్ నంబరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. క్యాలెండర్ వెనక రాస్తే సరిపోయేది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చాక వీపీఐ 0, వీసీఐ 35 అంటూ కొత్త అంకెలు ఇళ్లలోకి వచ్చాయి. లైన్ వేసినాయన చకచకా టైప్ చేసి, టీ తాగి వెళ్లిపోయేవాడు. తర్వాత వైఫై, దానికి డబ్ల్యూఈపీ తాళం. అది గుల్ల తాళమని 2001లోనే తేలినా, మన ఇళ్లలో ఏళ్ల తరబడి అదే నడిచింది. ఏ తాళం పెట్టారో ఎక్కడా రాసి లేదు మరి!

రౌటర్ పేజీలో బ్యాకప్ అని ఉంటుంది. నొక్కితే ఫైలు వస్తుంది. చాలా రౌటర్లలో ఆ ఫైలు తెరిస్తే కనిపించేవి పిచ్చి గుర్తులే. మామూలుగా అదే మోడల్‌కి తప్ప ఎక్కదు కూడా. సియాఖ్ అంటే ఇదే.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దమ్మగారి భర్త అలాంటి ఫైళ్లు తేదీలు వేసి మరీ దాచారు. ఆయన పోయిన ఏడాదికి పిడుగుపాటుకి రౌటర్ కాలిపోయింది. కొత్తది వేరే కంపెనీది, ఆ ఫైళ్లు దేనికీ పనికిరాలేదు. యూజర్ నేమ్ అడిగితే ఓటీపీ ఆయన నంబరుకే వెళుతుంది, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. అమెరికాలో ఉన్న కొడుకు నాలుగు రోజులు ఆవిడ ముఖం చూడలేకపోయాడు.

మా ఇంట్లో అయితే ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. తెలుగులోనే రాస్తాను: కంపెనీ పేరు, కస్టమర్ నంబరు, ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరిది, పీపీపీఓఈ యూజర్ నేమ్, వైఫై పేరు, తాళం డబ్ల్యూపీఏ2నా డబ్ల్యూపీఏ3నా, రౌటర్ పేజీ అడ్రసు 192.168.1.1, గుమ్మం కెమెరాకి కేటాయించిన 192.168.1.50. ఏదైనా మారిస్తే పాతది కొట్టేసి, తేదీ వేసి, ఎందుకు మార్చామో పక్కన ఒక ముక్క. పాత ఉర్దూ రిజిస్టర్లలో చివరి గడికి కైఫియత్ అని పేరు, అలాంటిదే. పాస్‌వర్డ్‌లు మాత్రం విడిగా, బీరువాలో బంగారం తాళంచెవి పక్కన.

కంపెనీవాళ్లిచ్చే చీటీ అతికించేసి ఊరుకోకండి. బిల్లు మిషన్ కాగితమైతే రెండు వేసవుల్లో తెల్లబడిపోతుంది. బాల్‌పెన్నుతో తిరగరాయండి.