గల్లాపెట్టె పక్క పీట

హోటలు వాళ్ళ పిల్లలకి తిండికేం కరువు, పొద్దున్నే ఇడ్లీ, సాయంత్రం బజ్జీ, మధ్యలో అడిగినప్పుడల్లా మైసూరుపాకు అనుకుంటున్నావు కదూ? బళ్ళో నా పక్కన కూచునేవాళ్ళూ అలాగే అనుకునేవాళ్ళు. వాళ్ళ క్యారేజీలో చద్దన్నం, మాగాయ ముక్క చూస్తే నాకు నోరూరేది. నా క్యారేజీలో ఇడ్లీలు చూస్తే వాళ్ళకి నోరూరేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! ముద్ద చద్దన్నానికి రెండిడ్లీల చొప్పున రోజూ బేరం సాగేది. ఈ సంగతి నాన్నకి తెలిసుంటే, వీడు వ్యాపారానికి పనికిరాడని అప్పుడే తేల్చేసేవాడు.

సరే, మొదట్నుంచీ చెబుతాను, తొందరపడకు. తెనాలిలో రణరంగ చౌకుకి కూతవేటు దూరంలో ఉండేది మా కాఫీ హోటలు. బోర్డు మీద దేవుడి పేరే రాయించాం గానీ, ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. నాన్న మీసాలు చూసి ‘మీసాలాయన హోటలు’ అనేవాళ్ళు. తరవాత్తరవాత ఆయన మీసం తీసేశాడు, పేరు మాత్రం పోలేదు. రెండిడ్లీలు అణా, కాఫీ బేడ, అంటే రెండణాలు. పెసరట్టూ బేడే, లోపల ఉప్మా వేస్తే ఇంకో అణా.

మా నాయనమ్మకి ఈ వ్యాపారం మొదట్లో ఇష్టం లేదు. అన్నం పెట్టాలి గానీ అమ్ముకోకూడదనేది. నాన్న తక్కువవాడా? కాకతీయుల నాడే ఓరుగల్లులో పూటకూటింట రూకకి భోజనం పెట్టేవాళ్ళని క్రీడాభిరామంలో ఉందని సాక్ష్యం తెచ్చాడు. పుస్తకం మాట కాదనలేక ఆవిడే ఒక దారి వెతుక్కుంది. మనం అమ్మేది పలహారమేగా, అన్నం కాదుగా అని సర్దుకుంది. మనిషి ముందు ఒప్పేసుకుంటాడు, కారణం తరవాత వెతుక్కుంటాడు.

తెల్లవారుజామున మూడున్నరకే నాన్న వెళ్ళిపోయేవాడు. రాత్రి మేం నిద్రపోయాక వచ్చేవాడు. అమ్మ అల్లప్పచ్చడీ, కారప్పొడీ ఇంట్లోనే చేసి పంపేది. హోటల్లో అడుగుపెట్టేది కాదు గానీ హోటలు రుచంతా ఆవిడ చేతిలోనే ఉండేది. ఇహ పిల్లలం. బడి వదలగానే పలకాబలపం తీసుకుని తిన్నగా హోటలుకే. అక్కయ్య పప్పులో రాళ్ళు ఏరేది, తమ్ముడు అరటాకులు తుడిచేవాడు. నాకు పచ్చిమిరపకాయల తొడిమలు, ఆపైన రంపపు పొట్టు పొయ్యి.

ఆ పొయ్యి నువ్వు చూసుండవు. పాత ఇనప డబ్బా, కింద పక్కన ఒక కన్నం. డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి గట్టిగా కూరాలి. ఆ తరవాత రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. తొందరపడి లాగావో, పొట్టంతా లోపలికి కూలి మళ్ళీ మొదటికొస్తుంది. సరిగ్గా వస్తే మధ్యలో దారి పడి, కింద అంటించిన మంట పైదాకా లేస్తుంది. గంటల తరబడి నిలకడగా మండేది. కోమటి కొట్లో ఉద్దర ఉన్నా లేకపోయినా కోత మిల్లులో పొట్టు మాత్రం చవకగా దొరికేది.

కాగితం బిల్లులు లేవప్పుడు. తిన్నవాడు లేచి గల్లాపెట్టె దగ్గరికి నడుస్తుంటే, సర్వరు వెనక నుంచి గుర్తు చెప్పి కేకేసేవాడు. ‘ఎర్ర తలపాగా అయిదణాలు! గొడుగాయన బేడ!’ అని. మా లెక్కల మేష్టారొకసారి ‘బట్టతల మూడణాలు!’ అని వినబడేసరికి, మొహం కందగడ్డ చేసుకుని కొన్నాళ్ళు రావడమే మానేశారు. కాఫీ లేకుండా ఎన్నాళ్ళుంటారు? చివరికి టోపీ పెట్టుకుని వచ్చారు. తిని లేవగానే సర్వరు ‘టోపీ మూడణాలు!’ అన్నాడు. హోటలంతా ఘొల్లుమంది. ఆ మర్నాడు బళ్ళో నాకు పదిహేడో ఎక్కం అప్పజెప్పమని పడింది శిక్ష.

తెనాలి అంటే నాటకాలు కదా. రాత్రంతా పద్యాలు పాడి, తెల్లారగట్ల మొహాన రంగు పూర్తిగా కడక్కుండానే రాజులూ మంత్రులూ కాఫీకి వచ్చేవాళ్ళు. ఊరందరి చేతా కంటతడి పెట్టించి, ఆడి తప్పని హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన పేరునే మా ఖాతా పుస్తకంలో అందరికన్నా పెద్ద బాకీ ఉండేది. ఆయన్ని కొనుక్కున్న కాటికాపరి మాత్రం ఎప్పటికప్పుడు రొక్కం ఇచ్చేసేవాడు. నాటకాల సంగతి ఎత్తితే ఇక్కడే తెల్లారుతుంది గానీ, హోటల్లోకి రా.

1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అంతవరకూ రూపాయికి పదహారణాలు. ఆ రోజునుంచి రూపాయికి వంద నయాపైసలు. లెక్కకి అణా అంటే ఆరుంబావు. ఆ పావు ఎవడిస్తాడు, ఎవడు పుచ్చుకుంటాడు? అందుకని సర్కారువారే ఒక పట్టీ ఖాయం చేశారు. అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25. నాన్న దాన్ని గోడకి అంటించాడు. ఇప్పుడు నీ బుర్రకి పదును పెట్టు చూద్దాం. రెండు కాఫీలకి కలిపి డబ్బిస్తే ఎంత? 25. విడివిడిగా ఇస్తే? 24! ఈ కిటుకు ఊరంతా పాకడానికి ఒక్క పూట పట్టింది. ప్రాణస్నేహితులు ఒకే బల్ల దగ్గర కూచుని కబుర్లాడుతూ తాగి, గల్లా దగ్గరికి వచ్చేసరికి ఎవరికి వారే. ఒకాయనైతే కాఫీ తాగి, డబ్బిచ్చి, వీధిలోకి వెళ్ళి, చుట్ట వెలిగించుకుని, తిరిగొచ్చి రెండోది తాగేవాడు. మిగిలిన నయాపైసాకి చుట్ట కూడా రాదని ఆయనకెవరు చెబుతారు!

నాన్న పుట్టినప్పటినుంచీ అణాల్లో బతికిన మనిషి. నాకు పదేళ్ళు, లెక్కల్లో చురుకు. అందుకని గల్లాపెట్టె పక్కన నాకో పీట వేయించాడు. సర్వరు ‘ఏడణాలు!’ అని అరవగానే, నాన్న ‘ఎంతరా?’ అనేవాడు, నేను ‘నలభై నాలుగు’ అనేవాణ్ణి. నాలుగు రోజులు గడిచేసరికి పట్టీ అంతా ఆయనకి కంఠతా వచ్చేసింది. వచ్చిందని నాకూ తెలుసు. అయినా ఆయన ‘ఎంతరా?’ అనడం మానలేదు, నేను చెప్పడం మానలేదు.

మేం హోటలుకి పనికోసం వెళుతున్నామని జనం అనుకునేవాళ్ళు. పాపం, చిన్నపిల్లల చేత చాకిరీ చేయిస్తున్నాడని నాన్నని ఆడిపోసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో దొరకని నాన్న అక్కడ దొరుకుతాడని వెళ్ళేవాళ్ళమురా. తొడిమలు తీయడం వంక.

అలాగని అంతా బంగారమని చెప్పను. బల్లలు తుడిచే కుర్రాడొకడుండేవాడు, నా ఈడువాడే, రేపల్లె వైపు పల్లెటూరు. వాడి చేతిలోనూ గుడ్డే, నా చేతిలోనూ గుడ్డే. వాళ్ళ నాన్న మాత్రం ఎప్పుడో రైలెక్కి వచ్చి, జీతం పుచ్చుకుని, వాడి తల నిమిరి మళ్ళీ రైలెక్కేవాడు. పొద్దుపోయాక నేను పుస్తకాలు సర్దుకుని ఇంటికెళితే, వాడు బల్లలు దగ్గరికి జరుపుకుని వాటిమీదే పడుకునేవాడు. ఇప్పుడు పద్నాలుగేళ్ళ లోపువాళ్ళని పనిలో పెట్టుకోకూడదు. ఇంటివాళ్ళ వ్యాపారంలో మాత్రం బడి అయ్యాకా, సెలవుల్లోనూ సాయం చేయొచ్చని 2016లో చట్టం సవరించారు. ఆ చట్టం గీసిన గీతకి ఇవతల నేనూ అవతల వాడూ ఒకే హోటల్లో పెరిగాం.

ఇంకొక్క ముచ్చట చెప్పి వదిలేస్తాను, ఆవులించకు. 1965లో దేశానికి తిండిగింజల కటకట వచ్చింది. వారానికో పూట భోజనం మానమని లాల్ బహదూర్ శాస్త్రిగారు అడిగారు. సోమవారం సాయంత్రాలు హోటళ్ళు మూసేశారు. మనవాళ్ళ ఉపవాసాలు తెలిసినవేగా. అన్నం మాని అట్లు తినేవాళ్ళకి, ఆ అట్లు దొరికే చోటే మూతపడితే ఎలా ఉంటుంది! మధ్యాహ్నం మూడింటికే మా హోటలు ముందు బారు కట్టేవాళ్ళు, దేశంకోసం రాత్రి మానాలి కాబట్టి ఇప్పుడే తినేస్తామని.

ఆ సోమవారాలు నాన్న దీపాలవేళకే ఇంట్లో ఉండేవాడు. ఏం చేయాలో తోచేది కాదాయనకి. అరుగు మీద కూచునేవాడు, లేచేవాడు, వంటింట్లోకి తొంగి చూసి పొయ్యి బాగా మండటం లేదనేవాడు. అమ్మ వేరుశనక్కాయలు వేయించి, మజ్జిగ తెచ్చి అందరి మధ్యా పెట్టేది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. మాతో కలిసి కూచుని నాన్న ఏదైనా తినడం చూసింది అప్పుడే. ఎవరికేం కావాలో చూడ్డమే తప్ప, తను తినడం ఆయనకి చేతనయ్యేది కాదు. కాయలు ఒలిచి మా ముందు పోస్తూనే ఉండేవాడు.

నాన్న పోయాక హోటలు మూసేశాం. కూటికోసం కోటి విద్యలంటారు. కూడు పెట్టే ఆ ఒక్క విద్యా మాలో ఎవరికీ అబ్బలేదు, తలో ఉద్యోగంలో పడ్డాం.

నీకు చెప్పేదొకటే. టిఫిను బండి దగ్గర డబ్బాకి పుస్తకం ఆనించుకుని హోంవర్కు చేసుకునే పిల్లో పిల్లాడో కనబడితే, అయ్యో అని మొహం పెట్టకు, ఎంత తెలివో అని బుగ్గా గిల్లకు. పక్కనున్నది వాళ్ళమ్మానాన్నలేనా అని మాత్రం చూడు. అవునంటే, ఫోను చూపించి చక్కా పోకుండా ఒక నోటివ్వు. చిల్లరెంతో ఆ పిల్లల్నే చెప్పనీ. తడబడితే వాళ్ళ నాన్న అందిస్తాడు, నువ్వు అందించకు.