కళింగం నుంచి కెలింగ్ దాకా

ఈ ఉగాది సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు పంచాంగం గురించో, పచ్చడి గురించో రాద్దామనుకున్నాను. అంతలో నాలుగో తరగతి చదువుతున్న మా మనవరాలు ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా, "తాతా, మనం కెలింగులమా?" అని అడిగింది. ఆటలో ఓడిపోయిన పిల్లవాడెవడో కోపంలో అన్నాడట. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. చెప్పవలసిన జవాబు ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మలేషియాలో పుట్టి పెరిగిన మనలో ఆ మాట చెవిన పడనివారు అరుదు. నేనూ ఆ పిల్ల వయసులోనే విన్నాను. అప్పుడు మేము పేరాక్ రాష్ట్రంలో బాగన్ డాటో దగ్గర ఒక కొబ్బరి తోటలో, లైను ఇళ్లలో ఉండేవాళ్లం. ఏడుస్తూ ఇంటికి వస్తే మా తాత కొబ్బరి పీచు ఒలుస్తూ, తల ఎత్తకుండానే, "ఆడి నోరు ఆడిది. నువ్వెళ్లి అన్నం తిను" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

తర్వాత బడిలో ఒక మాస్టారు చెప్పిన కథ నన్ను చాలా ఏళ్లు బాధపెట్టింది. తెల్లదొరలు ఇండియా నుంచి ఖైదీలను తెచ్చి రోడ్లు వేయించేవారట. వాళ్ల కాళ్ల సంకెళ్లు 'క్లింగ్ క్లింగ్' మని మోగేవట. అందుకే మనవాళ్లకు ఆ పేరట. ఖైదీలను తెచ్చిన మాట నిజమే. పినాంగ్‌లో, మలక్కాలో, సింగపూర్‌లో ఎన్నో రోడ్లు, కట్టడాలు వారి చెమటతో లేచినవే. కానీ మా తాత ఖైదీ కాడు. శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె నుంచి కంగాణి వెంట కూలికి వచ్చినవాడు. అయినా ఆ సంకెళ్ల చప్పుడు మా ఇంటిపేరుకు తగులుకున్నట్టే ఉండేది.

పెద్దవాణ్ణయ్యాక తెలిసింది, ఆ కథ వట్టి కట్టుకథ అని. బ్రిటిషువారు పినాంగ్‌లో జెండా పాతింది 1786లో. ఖైదీలు వచ్చింది ఆ తర్వాత. మలక్కాలో కంపుంగ్ కెలింగ్ మసీదు మొదట కట్టింది 1748లో. అప్పుడు మలక్కాను ఏలుతున్నది డచ్చివారు. అంటే సంకెళ్లు మోగక ముందే ఆ పేట పేరు కెలింగ్ పేట!

ఆ పేరు ఇంకా ఎంతో పాతది. 11వ శతాబ్దం తొలి సగంలో తూర్పు జావాను ఐర్లంగ అనే రాజు ఏలాడు. ఆయన కాలపు శాసనాల్లో ఆ దేశంలో ఉన్న పరదేశీయుల జాబితా ఒకటి కనిపిస్తుంది. అందులో క్లింగ్, సింహళ, ద్రావిడ, చంపా, ఖ్మేర్ మొదలైన పేర్లు వరుసగా ఉన్నాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. క్లింగ్ వేరు, ద్రావిడ వేరు. తమిళ దేశం నుంచి వచ్చినవారిని ద్రావిడులన్నారు. క్లింగ్ అంటే కళింగం నుంచి వచ్చినవారు. అంటే ఆనాటికి ఆ మాట ఫలానా తీరం వారు అని చెప్పే మామూలు పేరు. అందులో తిట్టు లేదు.

కళింగం ఎక్కడిదో మన పిల్లలకు చెప్పాలి. ఒరిస్సాలో కొంత, నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలు కొంత కలిసిన పాత దేశం అది. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు యుద్ధం చేసి గెలిచి, ఆ రక్తపాతానికి పశ్చాత్తాపపడి, ఆ సంగతిని రాతిమీద చెక్కించింది ఈ దేశం గురించే. తూర్పు గాంగుల కళింగనగరమే శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం రేవు, ఆ నది ఒడ్డునే శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. మలయాకు వచ్చిన తెలుగు కుటుంబాలలో ఎన్నింటికో మూలం సరిగ్గా ఆ జిల్లాలే. మనకు తెలియకుండానే మన పాత ఊరి పేరుతో మనల్ని తిడుతున్నారన్నమాట!

1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా క్లింగ్ అనేది కళింగ శబ్దమేనని, అది ఉత్తర సర్కారుల పాత పేరని చెప్పింది. రేవు పేరుతోనో, తీరం పేరుతోనో మనుషులను పిలవడం వింత కాదు. బర్మాలో తెలుగువారిని కొరంగీలు అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగం వెళ్లినవారు కనుక ఆ పేరు వచ్చింది.

ఇక ఈ మాట మలయ్ భాషలోనే ఆగలేదు. మలయ్, జావా, బాలి, బోర్నియో, ఫిలిప్పీన్స్ భాషలన్నీ ఆస్ట్రోనేషియన్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఓడలు తిరిగిన చోటల్లా మాటలు తిరిగాయి. తాంగ్ వంశపు చైనా చరిత్రలో 7వ శతాబ్దంలో జావా నుంచి దూతలను పంపిన 'హో-లింగ్' అనే రాజ్యం కనిపిస్తుంది. దాన్ని కళింగ అని చదివిన చరిత్రకారులు చాలామంది ఉన్నారు, వేరుగా చదివినవారూ లేకపోలేదు. మధ్య జావా ఉత్తర తీరంలో జెపారా ప్రాంతంలో కెలింగ్ అనే చోటు నేటికీ ఉంది. సుమత్రాలో కారో జాతివారిలో సెంబిరింగ్ అనే పెద్ద వంశం ఉంది. అందులోని శాఖలలో ఒకటి కెలింగ్, ఒకటి చోలియా, ఒకటి పాండియా. కళింగం, చోళం, పాండ్యం! అక్కడ కెలింగ్ అనేది తిట్టు కాదు, పెళ్లి సంబంధాలు చూసుకునేటప్పుడు చెప్పుకొనే వంశం పేరు.

సారవాక్‌లో ఇబాన్‌ల పురాణగాథల్లో అందరికన్నా గొప్ప వీరుడి పేరు కెలింగ్. అతని భార్య కుమాంగ్, అందగత్తె. గవాయ్ పండుగ పోటీల్లో గెలిచిన యువకుడికి ఆ వీరుడి పేరే బిరుదుగా ఇస్తారు. అయితే ఆ వీరుడి పేరు మన కళింగం నుంచే వచ్చిందని చెప్పడానికి తగిన ఆధారం లేదు కనుక, అతణ్ణి మన బంధువుల్లో కలిపేసుకునే పని నేను చేయను.

ఈ జాగ్రత్త అవసరం. మాటల చరిత్రలో పోలిక చూసి మోసపోవడం సులువు. ఫిలిప్పీన్స్‌లో కళింగ అనే రాష్ట్రమే ఉంది. కానీ ఆ పేరు పొరుగు తెగల భాషలో తలలు నరికేవారు అనే అర్థమిచ్చే మాట నుంచి వచ్చింది. మన కళింగంతో దానికి చుట్టరికం లేదు. ఇండోనేషియాలో 'పాకు కెలింగ్' అంటే ఇనుప రేకులను బిగించే రివెట్టు. అది డచ్చి మాట. శబ్దం ఒకటే, పుట్టిల్లు వేరు.

మరి వర్తకుల పేరు తిట్టు ఎలా అయింది? మొదట ఆ మాట కళింగులకే చెందినా, కాలక్రమంలో దక్షిణాది నుంచి వచ్చిన అందరికీ అంటుకుంది. పోర్చుగీసువారు 1511లో మలక్కాను పట్టుకునేటప్పటికి అక్కడి కెలింగ్ వర్తకులు రేవులో పెద్ద మనుషులు. 1801 నాటి పినాంగ్ కపితాన్ కెలింగ్ మసీదు పేరులో కూడా ఆ మాట గౌరవంగానే నిలిచింది. తర్వాత రబ్బరు తోటలు వచ్చాయి. ఓడ దిగేవారిలో వర్తకులు తగ్గి కూలీలు పెరిగారు. ఒప్పందపు కూలి 1910లో ఆగినా, కంగాణి పద్ధతి 1938 వరకు సాగింది. గోచీ కట్టుకుని తోటలో పనిచేసేవాణ్ణి చూసి పలికినప్పుడు అదే మాటకు చులకన అంటుకుంది. సింగపూర్‌లో క్లింగ్ స్ట్రీట్‌ను 1920ల తొలినాళ్లలోనే చూలియా స్ట్రీట్‌గా మార్చారు. 2003లో మలేషియాలో ఆ మాటకు నిఘంటువులో ఇచ్చిన అర్థాల మీద మనవాళ్లు కోర్టుకు కూడా వెళ్లారు. ఆ అర్థాల్లో ఒకటి 'కెలింగ్ కరామ్'. కెలింగుల ఓడ మునిగినట్టు అని. బాగా గోల చేసేవారిని ఉద్దేశించిన సామెత. వెక్కిరింపులో కూడా మన ఓడ మిగిలి ఉండడం చూడండి.

చరిత్ర తెలిసింది కదా అని ఆ మాట తీయనైపోదు. నొప్పించాలని అన్న మాట నొప్పిస్తూనే ఉంటుంది. శాసనం చూపించి ఆ నొప్పి పోగొట్టలేం.

ఇక్కడ మరో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఈ వ్యాసం రాస్తుండగా పక్క గదిలో పిల్లలు అల్లరి చేస్తున్నారు. నేను అలవాటుగా, "ఏమిటా అరవగోల!" అని కేకవేశాను. వేశాక కలం ఆగిపోయింది. కెలింగ్ కరామ్‌కూ అరవగోలకూ తేడా ఏమిటి? మా లైనులో మాకు ఎడమవైపు ఇల్లు తమిళులది. మా అమ్మ పురిటికి సాయం వచ్చింది ఆ ఇంటి అమ్మే. వాళ్లు వింటుండగానే మా ఇంట్లో ఈ మాట ఎన్నిసార్లు వాడామో!

ఆ రాత్రి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని పటం తీశాను. బంగాళాఖాతం ఆ ఒడ్డున కళింగపట్నం, ఈ ఒడ్డున పినాంగ్ చూపించాను. "మన పెద్దలది ఈ తీరం. ఓడలు తెలిసినవాళ్ల తీరం. ఈ పేరు అక్కడి నుంచి వచ్చింది కనుక నువ్వు సిగ్గుపడనక్కరలేదు. అయితే ఎవరైనా తిట్టుగా అంటే ఊరుకోనూ అక్కరలేదు. అలా అనవద్దని నెమ్మదిగా, గట్టిగా చెప్పు" అన్నాను.

అది కాసేపు పటం చూసి, "మరి నువ్వు అరవగోల అనడం మానేస్తావా తాతా?" అంది.

మానేస్తానని మాట ఇచ్చాను. కొత్త సంవత్సరం కదా, మీరూ ఇంట్లో ఒకసారి చూసుకోండి. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.