చావడి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

ఈ సంపుటంలోని జమాఖర్చుల పట్టికలో "చావడి అద్దె" అని ఒక వరుస కనిపిస్తుంది. పెద్ద మొత్తమేమీ కాదు. బ్యాంకు లింకేజీ అప్పుల పక్కన పెడితే కంటికి ఆనదు. అయినా ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఆ వరుస గురించే. ఒక టెంటు హౌసు యజమాని వచ్చి, చావడిని ఏడాది పొడుగునా తనకే లీజుకిస్తే మొత్తం డబ్బు ముందే కట్టేస్తానన్నాడు. "ఇచ్చేద్దాం, తలనొప్పి పోతుంది" అని సగం మంది, "వద్దు" అని సగం మంది అన్నారు. ఎందుకు వద్దో చెప్పమంటే మాత్రం చాలామందికి మాట అందలేదు. చిన్న వయసు సభ్యులకి ఆ కట్టడం కథ తెలియదు. తెలిసిన పెద్దమ్మలు ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. అందుకే వాళ్ల దగ్గర కూర్చుని విన్నదీ, పాత చట్టాల్లో ఉన్నదీ కలిపి ఇక్కడ రాసి పెడుతున్నాం.

మన చావడిని చూడనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు స్తంభాలు, పైన మంగుళూరు పెంకులు, ముందు మనిషి నడుమెత్తు అరుగు. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. ఆ తర్వాతే ఆ పెంకులు మన వైపు పడవల్లో, రైళ్లలో వచ్చాయి. కాబట్టి ఇప్పుడున్న కప్పు అంతకంటే పాతది కాదు. చావడి అనే ఏర్పాటు మాత్రం చాలా పాతది. కరణం లెక్కలు రాసిందీ, మునసబు శిస్తు వసూలు చేసిందీ, తగాదా తీర్చిందీ, పై నుంచి వచ్చిన అధికారి దిగిందీ అక్కడే. ఊరి అధికారమంతా ఆ అరుగు మీద ఉండేది.

ఆ అధికారం ఎలాంటిదో 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లు చూస్తే తెలుస్తుంది. నెల్లూరు జిల్లా అప్పటికే కుంపిణీ పాలనలో ఉంది. ఒక రెగ్యులేషను ప్రకారం పది ఆర్కాటు రూపాయలకు మించని దావాలను గ్రామ మునసబే విచారించవచ్చు. అదే ఏడాది వచ్చిన ఇంకొకటి చిన్న చిన్న దొమ్మీలకు, తిట్లకు శిక్ష వేసే అధికారం గ్రామ పెద్దకిచ్చింది. మామూలుగా అయితే తప్పు చేసినవాణ్ణి పన్నెండు గంటలు దాటకుండా ఊరి చావడిలో ఉంచాలి. "తక్కువ కులం" వాడైతే ఆరు గంటలు దాటకుండా బొండకొయ్యలో వేయవచ్చు. బొండకొయ్య అంటే రెండు దుంగల మధ్య కాళ్లు ఇరికించి, వచ్చేపోయేవాళ్లందరి ముందూ కూర్చోబెట్టడం. తప్పు ఒకటే, కులాన్ని బట్టి శిక్ష వేరు. ఇది ఊళ్లో ఎవరో పెద్దమనిషి పెట్టిన కట్టుబాటు కాదు, అచ్చువేసిన చట్టం.

మన సంఘాల్లో ఎస్సీ కాలనీ నుంచి వచ్చే పెద్దమ్మలు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. వాళ్ల నాయనలు, తాతలు అరుగు ఎక్కలేదు. పిలిస్తే చింతచెట్టు కింద నిలబడి, తలగుడ్డ చేత పట్టుకుని సమాధానం చెప్పేవాళ్లు. ఏ కులం ఆడవాళ్లయినా చావడి మెట్లెక్కింది లేదు. "మేమేంది, చావడి ఎక్కేదేంది? ఆ పక్కన పోవాలంటే కొంగు కప్పుకుని పోయేవాళ్లం" అని డెబ్బై దాటిన ఒక అవ్వ నవ్వుతా చెప్పింది.

1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చోట్లకీ, జనం కోసమని విడిచిన చోట్లకీ కులం పేరు చెప్పి, ఆడమనిషివని చెప్పి రానివ్వకపోవడం కుదరదని 15వ అధికరణం చెప్పింది. 1955లో అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. కానీ ఊళ్లో అరుగు ఎత్తు తగ్గలేదు. కరణం, మునసబు పదవులు 1984 జనవరిలో రద్దయ్యేదాకా చావడి వాళ్లదే. ఆ తర్వాత అది ఎవరిదీ కాకుండా పోయింది. కొన్నాళ్లు ఎరువుల బస్తాలు పెట్టారు, కొన్నాళ్లు మేకలు పడుకున్నాయి. పెంకులు జారిపోతే సరిచేసే దిక్కు లేదు.

మనవాళ్లు ఆ అరుగు ఎక్కింది అక్షరాల కోసం. 1991లో జిల్లా అంతటా అక్షర దీపం మొదలైనప్పుడు రాత్రిబడికి దీపం పెట్టుకునే నీడ కావాల్సి వచ్చింది. ఖాళీగా ఉన్నది చావడి ఒక్కటే. చదివిన పాఠాల్లోంచి సారా మాట వచ్చింది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా అంగడిని మూయించిన సంగతి ఊరూరా పాకింది. మన ఊళ్లో కూడా సారా ప్యాకెట్ల బండిని ఆపాలని అనుకున్నది ఆ అరుగు మీదే. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా ఆగింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆగింది. సారాకి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి తీసి దాచుకుందామన్న "పొదుపు లక్ష్మి" ఆ తర్వాతి అడుగు. మన మొదటి సంఘాల తీర్మానాల పుస్తకాల్లో సమావేశ స్థలం అనే చోట "చావడి అరుగు" అనే రాసి ఉంది.

పంచాయతీ తీర్మానం చేసి నిర్వహణ మనకు అప్పగించింది చాలా ఏళ్ల తర్వాత. కట్టడం ఇప్పటికీ పంచాయతీదే. ఊడ్చుకోవడం, బాగుచేయించడం, అద్దెకివ్వడం, లెక్క చూపించడం మన పని. శ్రీమంతాలు, ఓణీల పండుగలు, చిన్న పెళ్లిళ్లు, పెద్దకర్మ భోజనాలు అక్కడ జరుగుతున్నాయి. లోపల రెండు బంతులు వేయవచ్చు. ఎక్కువ మందైతే ముందు షామియానా, వెనక గాడిపొయ్యి. పట్నంలో ఏసీ ఫంక్షన్ హాలుకి పోలేనివాళ్లకి ఇదే కళ్యాణ మండపం.

నడపడంలో తప్పులు చేశాం. మొదటిది గోడల విషయంలో. పెచ్చులూడుతున్నాయని సిమెంటుతో గట్టిగా పూత పూయించాం. రెండు వానలకే గోడ లోపల చెమ్మ నిలిచి, పూత పొట్టలా ఉబ్బి, వెనకున్న పాత సున్నాన్ని కూడా లాక్కుని ఊడిపడింది. సున్నపు గోడ చెమ్మని పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది అని ముసలి మేస్త్రి చెప్పేదాకా మాకు తెలియదు. మళ్లీ సున్నమే పూయించాం. అప్పటినుంచి అద్దెలో కొంత భాగం మరమ్మతు నిధికి విడిగా తీసి పెడుతున్నాం.

రెండో తప్పు గోడలకు సంబంధించింది కాదు. ఇది నివేదికలో రాయాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడ్డాం. ఎస్సీ కాలనీలో ఉండే మన సభ్యురాలు కూతురి ఓణీల పండుగకి చావడి అడిగింది. అదే వారంలో వేరే వీధివాళ్ల పెళ్లి ఉంది. వాళ్లు నేరుగా వద్దనలేదు. "ఆ గంగాళాలు, డేగిసాలు మాకూ వాళ్లకీ అవేనా?" అని మాత్రం అడిగారు. ఆ మాటకే మా చావడి కమిటీ బెదిరింది. బేరం పోతుందేమోనని, "ఆ తేదీ అయిపోయింది వదినా" అని ఆమెకి చెప్పింది. ఆమె మాట్లాడకుండా వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చి, "పుస్తకం ఒకసారి చూపించండి" అంది. చూపించాం. ఆ తేదీ దగ్గర ఖాళీగా ఉంది.

మొదటినుంచీ మాతో కూర్చుని పొదుపు కట్టిన మనిషి ఆమె. మా అప్పులకి తానూ జవాబుదారీ పడింది. ఆ రోజు ఆమె మమ్మల్ని తిట్టి ఉంటే తేలికగా ఉండేది. "మా తాత చెట్టు కింద నిలబడ్డాడంట. నేను పుస్తకం దాకా వచ్చాను" అంది, అంతే. కమిటీ తలొంచుకుని రసీదు రాసింది. ఆ పండుగ చావడిలోనే, ఆ గంగాళాలతోనే జరిగింది. పెళ్లివాళ్లు అడ్వాన్సు వెనక్కి తీసుకుని పోయారు. ఆ నష్టం లెక్కలో ఉంది, దాచలేదు.

ఆ తర్వాత నాలుగు నియమాలు రాసి గోడకి కట్టాం. ఒకటి, బుకింగు పుస్తకం అందరికీ కనపడేలా అరుగు మీద ఉండాలి, ముందు అడిగినవాళ్లకే తేదీ. మూఢం, ఆషాఢం పోగా మిగిలిన ముహూర్తాలు కొన్నే కాబట్టి ఒకే తేదీకి ఇద్దరు ముగ్గురు రావడం మామూలే. అప్పుడు పుస్తకమే చెప్పాలి, మనుషులు కాదు. రెండు, అద్దె అందరికీ ఒకటే, పాత్రలు అందరివీ ఒకటే. మూడు, చావడిలోకి మందు రాకూడదు. నాలుగు, పెళ్లికైతే అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండినట్టు కాగితం చూపించాలి. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ఉంది కదా అని ఊరుకుంటే చాలదు. పెళ్లికి చోటు అడగడానికి వచ్చినప్పుడే వయసు అడిగితే, పందిరి వేయకముందే మాట్లాడే వీలుంటుంది.

ఇప్పుడు లీజు సంగతి. అసలు అంకెలు పట్టికలో ఉన్నాయి. ఇక్కడ పద్ధతి తెలియడానికి సులువైన అంకెలు తీసుకుందాం. రోజుకి 3,000 రూపాయల చొప్పున ఏడాదికి 30 రోజులు అద్దెకి పోతే 90,000 వస్తుంది. కరెంటు, ఊడ్చే మనిషి కూలి, మరమ్మతు కలిపి 40,000 పోతే 50,000 మిగులుతుంది. లీజుదారు ఏ ఖర్చూ మన మీద లేకుండా 70,000 ఇస్తానంటే 20,000 లాభం కనపడుతుంది. "కాదనుకోవడానికి మనమేమన్నా జమీందార్లమా?" అని ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ పంచాయతీ మనకిచ్చింది నిర్వహణ, మళ్లీ వాళ్లని అడగకుండా మూడో మనిషికి అప్పగించే హక్కు మనకి లేదు. అడిగితే ఒప్పుకోవచ్చు. అప్పుడైనా ఆ 20,000తో పాటు పుస్తకం కూడా అతని జేబులోకి పోతుంది. ఎవరికి తేదీ ఉందో, ఎవరికి లేదో అతనే చెప్తాడు. మందు సీసాలు అతను ఆపడు, పెళ్లికూతురి వయసు అడగడు. డబ్బుకి ఆశపడి మనమే ఒకసారి తప్పామే, అతను తప్పడని ఏ ధైర్యంతో అనుకుంటాం?

చివరికి లీజు వద్దని తీర్మానం అయింది. ఒప్పుకోనివాళ్ల పేర్లు, వాళ్లు చెప్పిన కారణాలు కూడా తీర్మానంలో రాశాం. రాబడి పెరగాలన్న వాళ్ల మాట నిజమే కాబట్టి, వంట పాత్రలు, కుర్చీలు మనమే కొని అద్దెకిచ్చే ఆలోచన వచ్చే ఏడాది ప్రణాళికలో చేర్చాం. తాళంచెవి మూడు నెలలకొకసారి ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి మారుతుంది. ఈ నివేదిక అచ్చయ్యే నాటికి అది ఎస్సీ కాలనీ సంఘం దగ్గర ఉంటుంది. తేదీ కావాల్సినవాళ్లు అక్కడికి వెళ్లి అడగాలి.