పిన్ను మీద బరువు

2023 మార్చి, పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ సెలవులు. టెక్సస్‌లో యూఎస్ 287 హైవే మీద విచిటా ఫాల్స్ దాటేసరికి పొద్దున తొమ్మిది కావస్తోంది. ముందు పికప్, దాని తోకకు తగిలించిన ట్రైలర్. ట్రైలరంటే పడకలు, పొయ్యి, బాత్రూం అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. స్టీరింగ్ ముందున్నది మా చిన్నమ్మ కొడుకు, ఎల్లంతకుంట పిలగాడు.

పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి పక్కనుంచి దాటింది. దాని గాలి తగలగానే ట్రైలర్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగింది. మూడో ఊపుకు పికప్‌ కూడా దాని వెంట ఊగడం మొదలుపెట్టింది. తమ్ముడి కాలు తనకు తెలియకుండానే బ్రేక్ మీదికి పోయింది. ఊపు ఇంకా పెరిగింది.

డ్యాష్‌బోర్డు కింద బ్రేక్ కంట్రోలర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. దాని మీట నొక్కితే పికప్‌వి కాకుండా ఒక్క ట్రైలర్ బ్రేకులే పడతాయి. వెనకనుంచి తాడు పట్టి గుంజినట్టు బండి సాపవుతుంది. బిగించిన రోజు మెకానిక్ చూపించాడు కూడా. ఆ నిమిషంలో అదేమీ గుర్తుకు రాలేదు. కాలు తీసేసి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఎట్లనో పక్కకు ఆపాడు. వెనక సీట్లో పిల్లలు ఊయల అనుకుని నవ్వుతున్నారు. మరదలు మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

చేతుల వణుకు తగ్గాక ఊరికి వీడియో కాల్ చేశాడు. అక్కడ రాత్రి ఏడున్నర. చిన్నబాపు, అంటే తమ్ముడి నాయన, అనంతగిరి రిజర్వాయర్ దిక్కున్న మడికి పోయి, అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆయన ట్రాక్టర్ మనిషి. ఒడ్లు, ఇసుక, మొరం, పెండ్లి సామాను, ఆయన ట్రాలీ ఎక్కనిది లేదు.

"ఎంత బరువున్నది బిడ్డా?"

"6,800 పౌండ్లు బాపూ. మన లెక్కల 31 క్వింటాళ్లు."

"గంతేనా? ఒడ్ల ట్రాలీ గంతకంటె ఎక్కువనే ఉంటది గదా. ఎంత స్పీడు వోతున్నవ్?"

"గంటకు నూటైదు కిలోమీటర్లు."

కాసేపు నల్లా నీళ్ల చప్పుడే వినిపించింది.

"సామాను ముంగట వెట్టినవా, ఎనుక వెట్టినవా?"

అన్నీ వెనకే ఉన్నాయి. నాలుగు సైకిళ్లు వెనక బంపర్‌కు వేలాడుతున్నాయి. 40 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు ఇరుసుకు అవతల ఉంది, దాన్ని ఇంటి దగ్గరే నిండా నింపాడు. ఆ నీళ్లే 150 కిలోలు. బియ్యం బస్తా, గ్రైండర్ కూడా వెనక అరలోనే.

"గదే మరి. ఎనుక బరువైతె పిన్ను అల్కగైతది. పిన్ను మీద బరువు లేకుంటె ట్రాలీ ఇంజన్ మాట ఇనది."

పిన్నంటే ట్రాక్టర్‌కు ట్రాలీని తగిలించేది; పికప్‌కైతే హుక్. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాకా హుక్ మీద పడాలని అమెరికాలో మాన్యువళ్లు చెప్పేదీ ఇదే. నీళ్లు వదిలేశారు. సామాను ముందుకు జరిపి, సైకిళ్లు పికప్‌లో వేసి, గంటకు 55 మైళ్లకు మించకుండా అమరిల్లో దిక్కు సాగారు. ఊపు ఆగింది గానీ పికప్ మూతి పైకి లేచి, స్టీరింగ్ చేతిలో గాలిబుడగలా తేలిపోయింది. ట్రాలీ ముందర బస్తాలు ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచినట్టే.

దారిలో లారీల కాటా మీద తూకం వేశారు. అప్పుడు గానీ పికప్ తలుపు తెరిచి, అంచున అతికించిన స్టిక్కర్ చదవలేదు. మనుషులు, సామాను అన్నీ కలిపి 1,520 పౌండ్లు మించరాదని ఉంది. మనుషులు 470, పికప్‌లో సైకిళ్లు, ఇతర సామాను 210, హుక్ సరంజామా 90. ఇక మిగిలింది 750. ట్రైలర్ హుక్ మీద వేస్తున్న బరువేమో 880 దాటింది. అమ్మినవాళ్లు '9,000 పౌండ్లు గుంజుతుంది' అన్నారు. అబద్ధమేం కాదు, గుంజుతుంది. మోయడం గురించి వాళ్లు చెప్పలేదు, ఇతను అడగలేదు.

ఆ తర్వాత బాగుచేయడం మొదలైంది. స్ప్రింగుల దగ్గర గాలి సంచులు పెట్టించుకొమ్మని ఒకరు చెప్పారు. వాటితో పికప్ తోక లేస్తుంది, చూడ్డానికి సాపుగా ఉంటుంది, కానీ స్టిక్కర్ మీది అంకె మారదు. నా దృష్టిలో అది పైపూతే. ఉక్కు పట్టీలతో బరువును ముందు చక్రాలకు కూడా పంచే హుక్ బిగించాక మూతి దిగింది, స్టీరింగ్ చేతికొచ్చింది. అంకె మాత్రం అప్పుడూ మారలేదు. చివరికి ఆ బండిని అమ్మి, ఒక మెట్టు పెద్ద పికప్ తీసుకున్నాడు. కిస్తీ పెరిగింది. ఆ మాట ఊళ్లో చెప్పలేదు.

2024 మార్చిలో మళ్లీ బయల్దేరారు, ఈసారి పాలో డ్యూరో లోయకు. లోయ అడుగుకు పోయే రోడ్డు 10 శాతం వాలు. పైన ఒక క్షణం ఆగి చిన్న గేరు వేశాడు. దిగుడు దారిలో న్యూట్రల్ కొట్టిన డ్రైవర్లను చిన్నబాపు ఎట్లా తిట్టేవాడో మాకందరికీ తెలుసు. ఇంజన్ గుర్రుమంటూ పట్టి ఉంచింది. బ్రేకు నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం.

కిందికి దిగాక బండి ఆపి, చెయ్యి తిప్పి, మునివేళ్లను ట్రైలర్ చక్రం బొడ్డుకు మెల్లగా ఆనించాడు. వేములవాడ తొవ్వలో చాయ్ కోసం ఆగినప్పుడల్లా వాళ్ల నాయన ట్రాలీ చక్రాలకు చేసినట్టే. తర్వాత ఫోన్ చేశాడు.

"బొడ్డు కాల్తున్నదా?"

"లేదు బాపూ. చెయ్యి వెట్టచ్చు."