బాహియా రేవులో ఒక ప్రశ్న

రెండు మాసములు నీటిపై గడపినవానికి నేల యెంత ప్రియమైనదో, ఓడ యెక్కి యెరుగనివారికి చెప్పుట కష్టము. 1832 ఫిబ్రవరి 28వ తేదీన బ్రెజిలు దేశమున బాహియా రేవులో లంగరు వేసిన బీగిల్ అను ఇంగ్లీషు తెరచాప ఓడలో అట్టివాడొకడు ఉండెను. అతని పేరు చార్లెస్ డార్విన్. ఇరువదిమూడేండ్లు నిండి అప్పటికి పదునారు దినములే యైనది. జీవపరిణామ సిద్ధాంతము, దానివలన లోకమున రేగిన దుమారము, ఇవన్నియు తరువాతి మాట. అప్పటికి అతడు కేంబ్రిడ్జిలో చదువు ముగించి, తండ్రి సొమ్ముతో ప్రపంచము చూడవచ్చిన యువకుడు మాత్రమే. ఓడ కదలినది మొదలు కడుపులో తిప్పుటచే ఊయలమంచమును విడువలేకపోయినవాడు. దారిలో టెనెరిఫ్ ద్వీపమును కన్నులార చూడవలెనని ఉవ్విళ్ళూరగా, ఇంగ్లండులో కలరా యున్నదను కారణమున అక్కడి అధికారులు కాలు మోపనీయలేదు.

ఆ ఓడ పొడవు తొంబది అడుగులు. దానిలో డెబ్బదిమందికి పైగా జనులు. దక్షిణ అమెరికా తీరములను కొలిచి పటములు గీయుట, ఇరువదిరెండు క్రోనోమీటరు గడియారముల సాయమున భూగోళము చుట్టును రేఖాంశములను సరిచూచుట, ఇవి దాని పనులు. కప్తాను రాబర్ట్ ఫిట్జ్‌రాయ్‌కి ఇరువదియారేండ్లు. నౌకాదళపు మర్యాద ప్రకారము కప్తాను తన క్రింది అధికారులతో కలిసి భోజనము చేయడు. అందుచే బల్ల యెదుట కూర్చుండి మాటలాడుటకు సాటివాడొకడు కావలసివచ్చెను. డార్విన్‌కు ఆ ఓడలో చోటు దొరకుటకు ఇదియు నొక కారణము. చిన్నగదిలో ఒకే బల్ల, ఇద్దరు మనుష్యులు: ఈ సంగతి మున్ముందు అవసరపడును.

బాహియా యనగా సాల్వడోర్ నగరము. పోర్చుగీసువారు 1549లో కట్టిన పట్టణమిది. 1763 వరకు బ్రెజిలుకు ఇదియే రాజధాని. సర్వసాధువుల అఖాతమని పేరుగల విశాలమైన నీటిప్రాంతము, దాని యొడ్డున నిట్టనిలువుగా లేచిన గట్టు. గట్టు క్రింద రేవు, గిడ్డంగులు, వర్తకుల కొట్లు. గట్టుపైన చర్చీలు, మఠములు, ధనికుల మేడలు. నేడు ఈ రెంటికి నడుమ 1873లో నిర్మించిన లిఫ్టు ఉన్నది. డార్విన్ నాటికి బానిసల భుజములే లిఫ్టు. ధనికులు పల్లకీలలో నెక్కిదిగెడివారు. చక్కెర పెట్టెలు, పీపాలు, మూటలు, సమస్తము నల్లవారి తలలమీదనే పోవలసినది. గిడ్డంగుల కడ గుంపులుగా నిలిచి, బరువులతో తూలుచు, అడుగునకు తాళము వేసికొని పాడుచు పోవు ఆ కూలీలను అతడు చూచెను. ఆ పాట అతనికి మోటుగా వినబడినది. అది యే భాషయో, దానిలో నేమున్నదో అతడెరుగడు. ఊరు చూడవచ్చినవానికి కనబడునది కొంత, వినబడునది కొంత, తెలియునది అంతకన్న తక్కువ.

మరునాడే అతడు ఒంటరిగా అడవికి పోయెను. ఉష్ణమండలపు అడవిని అతడు చూచుట అదే మొదలు. ఆ యానందమును గూర్చి అతడు వ్రాసినది చదివిన, అంతటి శాస్త్రజ్ఞుడును కొంతసేపు మాటలు దొరకక తడబడినాడని తెలియును. పూవును చూడబోయిన సీతాకోకచిలుక కన్ను లాగును, దానిని తరుమబోయిన చెట్టు కాయ లాగును. కీటకముల రొద యెంతటిదనగా ఒడ్డునకు వందలాది గజముల దూరమున నున్న ఓడలోనికిని వినబడెడిది. అడవి నడుమ మాత్రము నిశ్శబ్దము రాజ్యమేలుచున్నట్లు తోచెడిది. తిరిగివచ్చునపుడు వాన పట్టుకొన్నది. పెద్దచెట్టు క్రింద తలదాచుకొనగా కొన్ని నిమిషములలో మ్రానువెంట సెలయేరువలె నీరు కారసాగెను.

ఇక్కడ మనకొక చుట్టరికము గలదు. ఆ యూరి చుట్టుపట్ల అతడు చూచి మెచ్చిన చిక్కని నీడ మామిడిచెట్లది. మామిడి బ్రెజిలు చెట్టు కాదు, మన దేశపుది. గోవాకును లిస్బనుకును నడుమ తిరుగు పోర్చుగీసు ఓడలనేకము బాహియాలో నాగెడివి. వానితోపాటు మామిడియు పనసయు అటు చేరినవి. బ్రెజిలునుండి జీడిమామిడి ఇటు వచ్చినది. మన సముద్రతీరపు ఇసుకనేలలలో జీడితోటలు చూచునపుడు బాహియా యెంతో దూరమని తోచదు.

మార్చి 4వ తేదీ ఆదివారము. కార్నివాల్ పండుగకు మొదటి దినము. డార్విన్, విక్‌హామ్ అను ఫస్ట్ లెఫ్టినెంటు, సలివన్ అను మరియొక అధికారి ధైర్యము చేసి వీధులలోనికి బయలుదేరిరి. నీరు నింపిన మైనపు బంతులు మీద వచ్చి పగులుచుండెను. పెద్ద పెద్ద తగరపు చిమ్మనగ్రోవులతో ఇండ్లవారు తడిపి ముద్ద చేయుచుండిరి. మన వసంతోత్సవమే, రంగు లేదు, అంతే. ఇంగ్లీషు దొరతనమును నిలుపుకొనుట కష్టమైనది. గంటసేపు ఆ తాకిడికోర్చి ఊరిబయట పడి, చీకటి పడువరకు అక్కడనే దాగి, ఊరి అంచు పట్టుకొని మరలివచ్చిరి. దానికి తోడు దారిలో వాన. ఈ వృత్తాంతమును డార్విన్ తనను చూచి తానే నవ్వుకొనుచు వ్రాసినాడు.

ఆ మాసముననే ఓడలో నవ్వులేని సంగతి యొకటి జరిగినది.

డార్విన్ తాతలిద్దరును బానిసవ్యాపారమునకు విరోధులు. తల్లివైపు తాత, పింగాణీ పాత్రల వ్యాపారి జోసయ్య వెడ్జ్‌వుడ్, మోకరిల్లి సంకెళ్ళెత్తి చూపు బానిస ప్రతిమతో 1787లో పతకములు చేయించి పంచినవాడు. చనిపోయిన పక్షుల చర్మములను నింపి నిలువజేయు విద్యను డార్విన్‌కు ఎడింబరోలో నేర్పినవాడు గయానానుండి వచ్చిన విముక్త నల్లవాడు. కనుక బానిసత్వమును గూర్చి అతని మనస్సు ఇంటిలోనే స్థిరపడినది. ఫిట్జ్‌రాయ్ కులీనుడు, సమర్థుడు, కోపిష్ఠి. బానిసత్వము భరింపరానిది కాదని అతని తలంపు.

ఒకనాడు కప్తాను పెద్ద బానిస యజమాని యొకనిని చూచివచ్చి, బల్లకడ ఆ ముచ్చట చెప్పెను. ఆ యజమాని తన బానిసలను పెక్కుమందిని పిలిపించి, మీరు సుఖముగా నున్నారా, మీకు స్వేచ్ఛ కావలెనా యని అడిగెనట. వారందరును అక్కరలేదనిరట. డార్విన్ కొంచెము ఎగతాళిగానే అడిగెను: యజమాని యెదుట నిలుచుండి బానిస చెప్పిన జవాబునకు విలువ యేమున్నదని. ఫిట్జ్‌రాయ్ మండిపడెను. నా మాటనే శంకించినవానితో ఇక కలిసి యుండజాలనని తేల్చివైచెను. యాత్ర ముగిసినదనియే డార్విన్ అనుకొనెను. కప్తాను లెఫ్టినెంటును పిలిపించి తిట్లతో కోపము తీర్చుకొనెను. క్రింది అధికారులు డార్విన్‌ను తమ భోజనశాలకు రమ్మని పిలిచిరి. కొన్ని గంటలు గడచిన పిమ్మట ఫిట్జ్‌రాయ్ తానే క్షమాపణ పంపి, మునుపటివలె ఉండుమని కోరెను. న్యాయముగా చెప్పవలెనన్న, ఇది గొప్ప మనస్సు గలవాడు చేయు పని. రేడియోలో మీరు దినదినము విను వాతావరణ సూచనలకు ఇంగ్లండులో నాంది పలికినవాడును ఈ ఫిట్జ్‌రాయే. కాని క్షమాపణలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

నాకు ఈ ఘట్టము చదివినప్పుడెల్ల మా వృత్తి జ్ఞప్తికి వచ్చును. మైకు పట్టుకొని పల్లెలకు పోవుదుము. ఊరి పెద్దయో, వెంటవచ్చిన అధికారియో ప్రక్కన నిలుచుండును. “ఎట్లున్నారమ్మా?” యని అడిగిన “బాగానే ఉన్నామండీ” యని బదులు వచ్చును. ఆ జవాబును టేపుమీద నెక్కించుకొని తిరిగివచ్చిన సందర్భములు నాకును కలవు. ఆ తప్పు నాదే.

అదే రేవులో సమరాంగ్ అను యుద్ధనౌక కప్తాను పేజెట్ ఉండెను. అతడు బీగిల్‌కు తరచుగా వచ్చి, కాదనగలవారి యెదుటనే బానిసల దురవస్థను వర్ణించెడివాడు. మిక్కిలి దయగా చూడబడువారును స్వదేశమునకు మరలవలెననియే కోరుదురని నిరూపించెనట. మరి ఆ బానిసల మాట?

డార్విన్ వచ్చుటకు నాలుగు మాసముల ముందే, 1831 నవంబరు 7న, ఆఫ్రికానుండి బానిసలను దించరాదని బ్రెజిలు శాసనము చేసినది. దించుట ఆగలేదు. నామమాత్రపు పనికి “ఇంగ్లీషువారు చూచుటకు” అను నానుడి ఈ శాసనమునుండియే పుట్టినదని అక్కడివారిలో వాడుక. నగర జనాభా సుమారు 65 వేలు. ఐదింట రెండుపాళ్ళు బానిసలని చరిత్రకారుల అంచనా. వారిలో పెక్కుమంది రేవు కూలీలు. వీధి మూలలలో జట్లుగా కూడి, దొరకిన పని చేసి, వారమునకింతయని యజమానికి చెల్లించి, మిగిలిన దానితో బ్రతికెడివారు. డార్విన్‌కు మోటుపాట వినిపించినవారు ఇట్టివారే. ఆ జట్లలో యోరుబా జాతివారును హౌసా జాతివారును ఉండిరి. ముస్లిములైన వారిని ‘మలే’లందురు. వారిలో అరబ్బీ చదువ వ్రాయనేర్చినవారుండిరి. అక్షరము రాని యజమానికి చదువుకొన్న బానిస!

లికుతాన్ అను వృద్ధుడు వారికి గురువు. అతని స్వేచ్ఛకై శిష్యులు రెండుసార్లు సొమ్ము కూడబెట్టి తెచ్చిరి. యజమాని అమ్మననెను. పిమ్మట ఆ యజమాని అప్పులపాలు కాగా, ఆస్తి జప్తులో భాగముగా వృద్ధుని తీసికొనిపోయి జైలులో నుంచిరి. వేలము వేయుటకు.

1835 జనవరి 25, రంజాన్ మాసపు చివరి దినములలో నొక ఆదివారము. తెల్లవారుజామున లేచుటకు మలేలు ఏర్పాటు చేసికొనిరి. ముందునాటి రాత్రియే గుట్టు బయటపడెను. సైనికులు ఒక యింటిని సోదా చేయబోగా లోపలివారు కత్తులతో బయటికి దుమికిరి. రాత్రియెల్ల వీధిపోరు. లికుతాన్‌ను విడిపింప జైలుపై పడిరి, సాధ్యము కాలేదు. కడపటి పోరు సముద్రపుటొడ్డున ఆశ్వికదళపు శాల కడ జరిగెను. లేచినవారు సుమారు 600 మంది. చచ్చినవారు డెబ్బదికి పైబడి. చచ్చినవారి మెడలలో అరబ్బీ వ్రాతలు మడిచి కుట్టిన తోలు తాయెత్తులు దొరికినవి. నలుగురికి మరణశిక్ష పడగా, ఉరితీయుటకు మనిషి దొరకక తుపాకులతో కాల్చిరి. పెక్కుమందిని కొరడాలతో కొట్టిరి, ఆఫ్రికాకు వెడలగొట్టిరి.

ఏడాదిన్నర గడచిన తరువాత, 1836 ఆగష్టు 1న, బీగిల్ మరల బాహియా రేవులో నిలిచినది. గడియారముల లెక్క మొదలుపెట్టిన చోటనే సరిచూడవలెనని కప్తాను పట్టుదల. ఇంటికి పోవలెనని తహతహలాడు డార్విన్‌కు ఈ దారిమళ్ళింపు పరమ విసుగు. అయినను నాలుగు దినములును అతడు చాలదూరములు నడచెను. గ్రంథములో నెక్కినవి ప్రధానముగా అడవుల యందచందములే. పిమ్మట ఉత్తరమున పెర్నాంబుకోలో ఒక యింటి ముందుగా పోవుచు లోపలినుండి హృదయవిదారకమైన మూలుగు వినెను. ఎవనినో బానిసను హింసించుచున్నారని తెలిసియు, చిన్నపిల్లవానివలె నిస్సహాయుడై, అడుగలేక పోయితినని వ్రాసికొనెను. ఆగష్టు 19న బ్రెజిలు తీరమును విడుచుచు, ఇక బానిసల దేశమునకు రానక్కరలేదని దేవునికి కృతజ్ఞత తెలిపెను.

యాత్రాగ్రంథము 1839లో అచ్చయినది. 1845లో రెండవ ముద్రణమునకు దానిని సవరించుచు, బానిసత్వమును గూర్చి ఆగ్రహముతో కూడిన పుటలను చేర్చెను. అందులో నొకచోట, బానిసలనే అడిగి వారి స్థితి తెలిసికొందుమనువారిని నిలదీయును: తన జవాబు యజమాని చెవిని పడునని లెక్క వేసికొననంతటి మందబుద్ధి యే బానిసకుండునని. ఫిట్జ్‌రాయ్ పేరు అక్కడ లేదు. బల్లకడ జరిగిన సంవాదమునకు అప్పటికి పదమూడేండ్లు.

బ్రెజిలులో బానిసత్వము 1888 మే 13న రద్దయినది. ఫిట్జ్‌రాయ్ 1865లోనే పోయెను. డార్విన్ పోయి ఆరేండ్లయినది.