ఆవుల వెంట వచ్చిన గిటార్

హవాయి గిటార్ సంగీతం మూలాలు వెతికితే ముందుగా ఎదురయ్యేది పశువుల మంద. 1793లో బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ వాంకూవర్ అక్కడి రాజు మొదటి కమేహమేహాకు కొన్ని పశువులను కానుకగా ఇచ్చాడు. మరుసటి ఏడు ఇంకొన్ని తెచ్చాడు. అంతకుముందు ఆ దీవుల్లో ఎవరూ ఆవును చూసి ఎరగరు. పదేళ్లపాటు వాటి జోలికి పోకూడదని రాజు కట్టడి చేశాడు. మేతకు కొదవ లేదు, వేటాడే మృగం లేదు. ఇంకేముంది, మంద అడవిబాట పట్టి కొండలమీద వేలకు వేలుగా పెరిగింది. చామ మళ్లలో పడి తొక్కేస్తూ, అడ్డొచ్చిన మనుషులను కొమ్ములతో తరుముతూ ఊళ్లను హడలెత్తించింది.

ఈ పశువులను అదుపు చేయడానికి 1830లలో మూడో కమేహమేహా కాలిఫోర్నియా నుంచి పశువుల కాపరులను రప్పించాడు. అప్పట్లో కాలిఫోర్నియా మెక్సికో ఏలుబడిలో ఉండేది. వచ్చినవాళ్లు స్పానిష్ మాట్లాడే వకేరోలు. గుర్రపు స్వారీ, పరుగెత్తే ఎద్దు మీదికి తాడు విసిరి పట్టడం, జీను కుట్టడం స్థానికులకు నేర్పారు. పొద్దుగూకాక గిటార్ పట్టేవారు. పని ముగించుకుని వెళ్లిపోయేటప్పుడు కొన్ని గిటార్లు వదిలిపెట్టి వెళ్లారనీ, వాయించే విద్య మాత్రం పూర్తిగా నేర్పకుండానే పోయారనీ పెద్ద దీవిలోని వైమేయా ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడల్లో వచ్చిపోయే నావికుల చేతుల్లోనూ గిటార్లు ఉండేవి. ఎలా వస్తేనేం, వాద్యం చేతికందింది. దాన్ని ఎలా శ్రుతి చేయాలో మాత్రం ఎవరికి వారే తేల్చుకున్నారు.

ఆ తేల్చుకోవడంలోంచే ‘కీ హోఆలు’ పుట్టింది. ఇంగ్లీషులో స్లాక్ కీ. కొన్ని తీగలను మామూలు శ్రుతికంటే వదులు చేసి వాయించే పద్ధతి ఇది. సాధారణ గిటార్ తీగలు మంద్రం నుంచి వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు ఉంటాయి. వాటిలో రెండు చివరి తీగలనూ, మంద్రం వైపు నుంచి రెండోదాన్నీ రెండేసి మెట్ల మేర దించితే డి, జి, డి, జి, బి, డి అవుతాయి. జి స్వరాన్ని షడ్జం అనుకుంటే ఇది ప-స-ప-స-గ-ప. ఎడమచెయ్యి ఎక్కడా ఆనకపోయినా ఆరు తీగలూ కలిసి పలుకుతాయి. ఈ శ్రుతికి హవాయి జనం పెట్టుకున్న పేరు ‘చామ మడి’. బొటనవేలు మంద్ర తీగల మీద తాళం తప్పకుండా నడుస్తుంటే, మిగతా వేళ్లు పైతీగల మీద పాట పలికిస్తాయి. మొదటిసారి వినేవాళ్లు రెండు గిటార్లు మోగుతున్నాయనుకోవడం సహజం.

అక్కడితో ఆగలేదు. సన్నతీగ వైపు నుంచి మూడోదాన్ని ఒక్క మెట్టు దించితే షడ్జం బదులు కాకలి నిషాదం పలుకుతుంది. ఆ తీగను మీటి, వెంటనే మొదటి మెట్టు మీద వేలు టక్కున ఆనిస్తే నిషాదం వెళ్లి షడ్జంలో వాలుతుంది. ఈ తరహా శ్రుతులను ‘వహీనె’ శ్రుతులంటారు. వాలే ఆ చిన్న కదలిక ఒక్కటి పట్టుబడితే చాలు, ఏ రికార్డులో విన్నా స్లాక్ కీని గుర్తుపట్టవచ్చు.

మనవాళ్లు దశాబ్దాలుగా హవాయిన్ గిటార్ అని పిలుస్తున్నది దీని చెల్లెలు. ఒళ్లో పడుకోబెట్టి, ఉక్కు కడ్డీతో తీగల మీద జార్చి వాయించేది స్టీల్ గిటార్. 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే హవాయి కుర్రాడు, వదులు చేసిన శ్రుతుల ఆధారంగానే ఆ పద్ధతిని తీర్చిదిద్దాడు. 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన తర్వాత అది అమెరికాను ఊపేసింది. 1940లలో టావు మో కుటుంబం కలకత్తాలో ఉండి వాయించడంతో మన దేశంలోనూ వేళ్లూనుకుంది. చెల్లెలు ప్రపంచమంతా తిరిగొచ్చినా, అక్క మాత్రం ఇల్లు దాటలేదు.

దాటనివ్వలేదనడమే సబబు. స్లాక్ కీ శ్రుతులు కుటుంబాల ఆస్తి. తాత నుంచి మనవడికి చేరాల్సిందే తప్ప బయటివాళ్లకు చెప్పేవారు కాదు. గిటార్ కిందపెట్టి లేచేటప్పుడు, శ్రుతి ఎవరైనా పసిగడతారేమోనని తీగలు సడలించేసి మరీ వెళ్లేవాళ్లున్నారు. నానాకులి తీరంలో పెరిగిన రేమండ్ కానే చిన్నప్పుడు ఒక పెద్దాయనకు చేపలు పట్టి ఇచ్చి, బదులుగా పాఠాలు చెప్పించుకున్నాడు. అలా నేర్చుకున్న కానేకు 1987లో అమెరికా ప్రభుత్వ జాతీయ వారసత్వ పురస్కారం దక్కింది. ఇదంతా పిసినారితనంగా కనిపించవచ్చు. కానీ 1893లో రాణిని గద్దె దించి, 1896లో బడుల నుంచి హవాయి భాషను గెంటేసి, 1898లో దేశాన్నే అమెరికాలో కలిపేసుకున్న చరిత్రతో కలిపి చూస్తే, ఇంట్లో మిగిలిన కాస్తను గుట్టుగా దాచుకోవడంలో వింతేమీ లేదు. చిక్కంతా ఒక్కటే: నేర్చుకునే మనవడు లేని ఇంట్లో శ్రుతి కూడా తాతతోనే పోయేది.

గుట్టు విప్పిన ఘనత ఎక్కువగా గ్యాబీ పహీనుయిది. 1921లో పుట్టిన గ్యాబీ హోనలూలు పేటల్లో పేపర్లు అమ్ముతూ, బూట్లు పాలిష్ చేస్తూ పెరిగాడు. చదువు చిన్నప్పుడే ఆగింది. స్వరలిపి చదవడం రాదు. 1946లో ‘హియిలావే’ పాటను రికార్డు చేశాడు. వైపియో లోయలోని జలపాతం పేరు, ఆ లోయలో నడిచిన ఒక ప్రేమ వ్యవహారం, దాని చుట్టూ ఊళ్లో లేచిన గుసగుసలు పాటలో ఉంటాయి. గ్యాబీ గొంతు పైస్థాయికి ఎగిరి విరుగుతుంది. గిటార్ మాత్రం కింద నింపాదిగా నడుస్తుంటుంది. స్లాక్ కీ వాణిజ్య రికార్డుల చరిత్ర ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పాట పేరు తెచ్చింది కానీ కడుపు నింపలేదు. పెద్ద కుటుంబాన్ని పోషించడానికి గ్యాబీ హోనలూలులో రోడ్డు పనుల్లో చేరాడు. వారాంతం వస్తే వైమానాలోలోని అతని ఇంటి పెరట్లో గిటార్లు పట్టుకుని జనం దిగేవారు. 1970లలో హవాయి యువత తమ భాష, నాట్యం, పడవ విద్య మళ్లీ వెతుక్కునే వేళకు ఆ పెరడు సంగీత కళాశాలలా మారిపోయింది. 1970ల మధ్యలో కాలిఫోర్నియా గిటారిస్టు రై కూడర్ వచ్చి అతని బృందంతో ఆల్బం చేశాడు. 1980లో గ్యాబీ 59 ఏళ్లకే పోయాడు. కొడుకులు సిరిల్, బ్లా, మార్టిన్ ఆ వాద్యాన్ని కొనసాగించారు.

తలుపు మరికొందరు తోశారు. పాట లేకుండా అచ్చంగా స్లాక్ కీ గిటార్‌తోనే మొదటి ఆల్బం లెనార్డ్ క్వాన్‌ది. 1970లలో కెయోలా బీమర్ నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకం రాశాడు. 1994 నుంచి పియానో కళాకారుడు జార్జ్ విన్‌స్టన్ తన డ్యాన్సింగ్ క్యాట్ సంస్థ ద్వారా ఉద్దండుల వాద్యాన్ని వరసగా విడుదల చేసి, ఏ పాట ఏ శ్రుతిలో ఉందో సీడీతోపాటే అచ్చువేశాడు.

గుర్తింపు కొత్త పేచీలు కూడా తెచ్చింది. 2005లో గ్రామీ అవార్డుల్లో హవాయి సంగీతానికంటూ ఒక విభాగం పెడితే, మొదటి ఏడే పలువురి వాద్యంతో కూర్చిన స్లాక్ కీ సంకలనం గెలిచింది. హవాయి భాషలో పాడేవాళ్లంతా ఉండగా పాటే లేని ఆల్బానికి పట్టం కడతారా అని దీవుల్లో గొణుగుడు మొదలైంది. ఆ విభాగం బతికిన ఏడు సార్లలో ఐదుసార్లు స్లాక్ కీ సంకలనాలే గెలిచాయి. గొణుక్కున్నవాళ్లది పూర్తిగా అసూయేనని అనలేం. వాళ్ల సంగీతంలో పాట, నాట్యం ముందు, గిటార్ తర్వాతే. 2011లో గ్రామీ విభాగాన్నే ఎత్తేశారు.

కొత్తగా వినేవాళ్లు చాలామంది ఈ సంగీతాన్ని సముద్రపుటొడ్డు హోటల్లో కునుకు పట్టించేదిగా లెక్కేస్తారు. నెమ్మది దాని సొత్తే, కాదనక్కర్లేదు. అయితే మొలొకాయి దీవితో సంబంధం ఉన్న సనీ చిల్లింగ్‌వర్త్ పాడిన ‘వైమేయా కౌబాయ్’ కూడా వినాలి. అందులో బొటనవేలు గుర్రం నడకను పట్టుకుంటుంది.